చుక్కమ్మ నమ్మిన దూరం

ఎండలు ముదిరి కొల్లేరు నీళ్లు ఒడ్డు వదిలి వెనక్కి పోతున్నాయి. చలికాలం గడపడానికి హిమాలయాల అవతలి నుంచి వచ్చిన తల మీద నల్ల చారలుండే బాతులు తిరుగు ప్రయాణానికి సిద్ధమయ్యాయి. అందరికీ సంబరమే, చుక్కమ్మకు తప్ప. ఆమె కొడుకు బుజ్జులు ఎడమ రెక్క చేపల వలలో చిక్కి చీరుకుపోయింది.

గుంపు పెద్ద బైరాగి వచ్చి రెక్క చూశాడు.

"రేపు తెల్లారగానే లేస్తున్నాం, అమ్మాయ్. వీణ్ణి మధ్యలో పెట్టుకుందాం."

"ఈ రెక్కతోనా, మావయ్యా? బిడ్డను చంపుకోమంటావా?"

"ముందువాడి రెక్కగాలి వెనకవాణ్ణి మోస్తుందే పిచ్చిదానా! ముందువాడు అలిస్తే ఇంకొకడు ముందుకొస్తాడు. నాలాంటి ముసలాళ్లు కొండలు దాటేది అలాగే. ఒంటరివాడికి గట్టి రెక్కయినా చాలదు."

చుక్కమ్మ తలూపింది గానీ మనసు ఒప్పలేదు. తుంగలో నక్కి అంతా విన్న గుంటనక్క, బైరాగి అటు వెళ్లగానే ఇటు వచ్చింది.

"ఆ ముసలాడి తొందర చూశావా, చెల్లెమ్మా! పుండు మానని పిల్లాణ్ణి ఎవరైనా ఎగరమంటారా?"

"చాలా దూరం కదా అన్నా, గుంపు వదిలితే ఎట్లా?"

"ఏం దూరం! నేను గన్నవరం విమానాశ్రయం కంచె పక్కన పుట్టి పెరిగాను. అక్కడ టిఫిన్ తిని ఎక్కినవాడు ఢిల్లీలో భోజనానికి దిగుతాడు. ఆ పైన మీ కొండలెంత? విమానానికి ముందొకడూ వెనకొకడూ ఉంటారా? ఒంటరిగానే పోతుంది. పుండు మానాక మీరిద్దరూ నింపాదిగా వెళ్లండి."

గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుంది. తెల్లారి బైరాగి ఎంత పిలిచినా చుక్కమ్మ కదల్లేదు. గుంపు ఆకాశంలో బారు కట్టి, చూస్తుండగానే చిన్నదై పోయింది.

పుండు మానింది. తల్లీకొడుకులు లేచారు. ఎదురుగాలి మొహాన కొట్టింది. చుక్కమ్మే ముందు, ఎంతసేపైనా చుక్కమ్మే ముందు. ఆమె రొమ్ము ఎగిసిపడుతున్నా, చోటు మారడానికి ఇంకొకరు లేరు.

"అమ్మా, కాస్త ఆగవే!"

"ఇంకొంచెం నాయనా, నా వెనకే ఉండు!"

వాడు వెనకబడ్డాడు. కింద చెరువుగట్టు వెంట నక్క పరిగెడుతోంది. చేపలు పట్టేసి ఎండగట్టిన చెరువులో, చుక్క నీరు లేని బీటల మీద బుజ్జులు కూలాడు. నక్క దూకి వాడి మెడ పట్టింది. చుక్కమ్మ దిగి దాన్ని రెక్కలతో కొట్టింది, ముక్కుతో పొడిచింది. నక్క వాడి మెడ వదల్లేదు. వాడు కదలడం మానేశాకే ఒక్కసారి తలెత్తింది.

"మీకు తోడు లేకుండా చేస్తే చాలని నాకు ముందే తెలుసు, చెల్లెమ్మా."

చుక్కమ్మ ఆ చెరువు మీద పొద్దుగూకేదాకా తిరుగుతూ అరిచింది. ఉత్తరానికి వెళ్లడానికి బలం లేదు, కొల్లేటికి తిరిగి రావడానికి మనసు రాలేదు.

ఎగరనివాడి నోట ఏ దూరమైనా దగ్గరే.