సున్నపు గుంటలో పాలు

లినార్డ్ పశువుల డాక్టరుగా ఆ లోయకు వచ్చి ఇంకా ఏడాది కాలేదు. అప్పుడే ఉద్యోగం మానేసి వెళ్ళిపోదామనుకున్నాడు.

గాలికుంటు రోగం వచ్చింది. స్విట్జర్లాండ్ కొండల్లోని ఆ చిన్న ఊళ్ళో, బార్లా అనే ఆవిడ కొట్టంలో ఆవుల నోళ్ళలో బొబ్బలు మొదట చూసింది అతనే. పైవాళ్ళకు కబురు పంపిందీ అతనే. రోగం లోయంతా పాకకూడదంటే ఆ కొట్టంలో ఉన్న ఆవులన్నిటినీ, జబ్బు తగలనివాటితో సహా, చంపెయ్యాలని అప్పటి చట్టం. ఆ కబురు తెలిసినప్పటి నుంచి ఊళ్ళోవాళ్ళు అతన్ని చూసి మొహం తిప్పుకుంటున్నారు.

అతనికి పని నేర్పుతున్న గురువు గియేరీ డాక్టరు. ముసలాయన. నడుంలోతు మంచులో నడిచి వెళ్ళి ఆ చుట్టుపక్కల ఆవులన్నిటికీ పురుళ్ళు పోసినవాడు. ఊరివాళ్ళు తమ పెద్దగా కూడా ఆయన్నే ఎన్నుకుంటూ వచ్చారు. అందువల్ల ఆవుల్ని చంపే ఆజ్ఞ మీద ఊరి తరఫున సంతకం పెట్టవలసినవాడూ ఆయనే అయ్యాడు.

ఆ ఉదయం ఇద్దరూ బార్లా ఇంటికి వెళ్ళే దారి ఎక్కుతుంటే లినార్డ్ అడిగాడు.

"డాక్టరుగారూ, ఈ పనిలో మనసు గట్టిపడడానికి ఎన్నాళ్ళు పడుతుంది?"

 గియేరీ ఆయాసపడుతూ నడుస్తున్నాడు.

బార్లా ఇంటి తలుపు వేసి ఉంది. భర్త పోయాక ఆవిడకు ఆ ఆవులే లోకం. పిలిస్తే పలకలేదు. ఆవుల్ని తుపాకీతో కాల్చే మనుషులు బండిలో రావాలి. దారి మీద మంచు విరిగిపడి బండి ఆగిపోయిందని, మధ్యాహ్నం దాటితే గాని రాదని కబురొచ్చింది.

కొట్టంలో ఆవులు ఒకటే అరుపు. లినార్డ్ ఆ అరుపులు వినలేక గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. గియేరీ లోపలికి వెళ్ళి ఒక ఆవు పొదుగు మీద చెయ్యి వేసి చూశాడు. రాయిలా ఉంది.

"పొద్దున్న ఎవరూ పితకలేదు," అన్నాడు.

"ఇంకెందుకండీ పితకడం? బండి వస్తే ఎలాగూ..." లినార్డ్ మాట పూర్తి చెయ్యలేకపోయాడు.

"ఇప్పుడు సలుపుతోంది కదా," అన్నాడు గియేరీ.

కోటు విప్పి మేకుకు తగిలించాడు. పీట వేసుకుని కూర్చున్నాడు. చన్నుల మీద బొబ్బలు లేచి ఉన్నాయి. వాటికి తగలకుండా, వేళ్ళ చివర్లతో మెల్లిగా పితకసాగాడు. ఆవు ఒకసారి వణికింది. తర్వాత అరుపు ఆపింది.

బకెట్టు నిండాక లినార్డ్ చేతికిచ్చాడు. ఆ పాలు ఎవరూ తాగకూడదు. రోగం పాకకుండా కొట్టం వెనక తవ్విన సున్నపు గుంటలో పోసి వచ్చాడు లినార్డ్. ఇంకా వెచ్చగా ఉన్నాయి. పొగలు లేచాయి.

ఫ్లూరా అనే ఎర్రావు మాత్రం ఆయన్ని దగ్గరకు రానివ్వలేదు. కాలు విసిరి బకెట్టు తన్నేసింది. ఆయన బకెట్టు సరిచేసుకుని మళ్ళీ కూర్చున్నాడు. మళ్ళీ తన్నింది.

"అది నాకు తప్ప ఎవరికీ పాలు చేపదు. లేవండి."

బార్లా గుమ్మంలో నిలబడి ఉంది. జుట్టు రేగిపోయి, మొహం వాచి ఉంది. గియేరీ లేచి పీట వదిలాడు. ఆవిడ కూర్చుని, ఫ్లూరా డొక్కకు నుదురు ఆనించింది. కాసేపటికి పాలధార బకెట్టులో చప్పుడు చేసింది.

"దీన్ని తల్లి కడుపులోంచి లాగింది మీరే," అంది ఆవిడ, తల తిప్పకుండా.

"అవునమ్మా."

"ఊపిరి లేదన్నారు అందరూ. మీరు దీని ముక్కులోకి ఊదారు."

"అవును."

"ఇవాళ సంతకం కూడా మీదేనట."

"నాదే."

ఆవిడ పితుకుతూనే ఉంది. గియేరీ ఇంకో బకెట్టు తీసుకుని పక్క ఆవు దగ్గరికి వెళ్ళాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి. పితకడం వల్లనో, ఏడుపు వల్లనో లినార్డ్‌కు తెలియలేదు.

"నువ్వలా నిలబడి చూస్తావేం?" అంది బార్లా అతనితో. "ఆ చివరి దాని పొదుగు పగిలిపోయేట్టుంది. ముందు చేతులు వేడి చేసుకో. చల్లటి చేతులు దానికి పడవు."

లినార్డ్ అరచేతులు రుద్దుకున్నాడు. పీట తెచ్చుకుని కూర్చున్నాడు. అతనికి ఆ పని సరిగ్గా చేతకాదు. ఆవు ఓపిగ్గా నిలబడింది.

కొట్టంలో పాలధారల చప్పుడు తప్ప మరేమీ లేకుండా పోయింది. ముగ్గురూ ఒకరినొకరు చూసుకోలేదు.

కింద దారి మీద బండి ఆగింది. తుపాకీ సంచీతో ఒకతను వచ్చి గుమ్మంలోంచి తొంగిచూశాడు.

"ఆలస్యమైపోయింది. మొదలుపెడదామా?"

గియేరీ తలెత్తలేదు. బార్లా చేతులు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలాయి.

లినార్డ్ జబ్బకు కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇంకో ఆవు ఉందండీ," అన్నాడు, చేతులు ఆపకుండా. "కాసేపు బయట కూర్చోండి."