తుడుపులమెట్ట కొయ్యమ్మ నీళ్ళు మానిన వైనం

పూర్వం తూర్పు కనుమల నడుమ, మధ్యాహ్నం దాకా మంచు కరగని ఒక లోయను సూరమనాయకుడనే మన్నెపు దొర ఏలుతున్న కాలంలో, కేతోజు అనే వడ్రంగి ఉండేవాడు. పిడుగు పడి కూలిన వేగిస మానును చూసిన ఆ పుణ్యాత్ముడికి, అందులో అమ్మవారు కళ్ళు మూసుకుని కూర్చున్నట్టు తోచిందట. పన్నెండు మాసాలు ఏకదీక్షతో చెక్కి, నిలువెత్తు కొయ్యమ్మ తల్లిని ఈ మెట్ట మీద చిన్న గుడిలో నిలిపి, మరుసటి ఏడే కాలధర్మం చెందాడు. బిడ్డలు లేరు, భార్య మారక్క ఒక్కతే మిగిలింది. ఆమె ఏటా ఒకసారి మెట్టెక్కి, తల్లి ఒంటికి అవిసె నూనె పట్టించి, పాత చీర ముక్కతో తుడిచి దిగిపోయేది. అది పూజ అని ఊళ్ళో ఎవరికీ తెలియదు, ఆమెకూ తెలియదు.

ఇలా ఉండగా సూరమనాయకుడు పొరుగు దొర మీద యుద్ధానికి వెళ్ళి, గెలిస్తే కొయ్యమ్మకు నిత్యం నూటెనిమిది కడవల అభిషేకం చేయిస్తానని మొక్కుకున్నాడు. తల్లి దయవల్ల గెలిచాడు. గెలిచి ఊరుకున్నాడా? మైదానం నుంచి నరహరి భట్టు అనే అర్చకుణ్ణి రప్పించి మెట్ట మీద కాపురం పెట్టించాడు. భట్టుగారు మహా నిష్ఠాపరులు, కానీ పుట్టి పెరిగింది రాతి విగ్రహాల మధ్య. పాలు, పెరుగు, తేనె, ఏటినీళ్ళు, ఏవైనా కడవలతోనే. పైగా భర్త పోయిన ఆడది గర్భగుడిలో అడుగు పెట్టరాదని మారక్కను మెట్ట కిందే నిలిపేశారు. నూనెగిన్నె చేత పట్టుకుని ఆమె ఎంతసేపు అక్కడ నిలబడిందో చెప్పేవాళ్ళు లేరు.

మూడు వానాకాలాలు గడిచేసరికి తల్లి ఒళ్ళు ఉబ్బింది. పాదాల దగ్గర బూజు పట్టింది, వీపున చెదలు చేరాయి, నుదుటి నుంచి గడ్డం దాకా బీట పడింది. అమ్మవారికి ఆగ్రహం కలిగిందని జనం గడగడలాడారు. మరి ఆగ్రహానికి శాంతి ఏమిటయ్యా అంటే, ఇంకో నూరు కడవలు! కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరికే అన్నారా? ఎంత పోస్తే అంత పగిలింది, ఎంత పగిలితే అంత పోశారు. భక్తి లేక చెడిన ఊళ్ళు ఎన్నో ఉండవచ్చు గాని, భక్తి ఎక్కువై తల్లిని తడిపి చంపబోయింది మా పూర్వులే, చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

చివరకు భట్టుగారు శాస్త్రం తిరగేసి, భిన్నమైన, అంటే పగిలిన, మూర్తి పూజకు పనికిరాదని తేల్చారు. దొర నల్లరాతితో కొత్త విగ్రహం చెక్కించడానికి ఆజ్ఞ ఇచ్చి, నలభై రోజుల్లో ప్రతిష్ఠ అనీ, అదే రోజున పాత మూర్తిని ఏటిలో కలపాలనీ చాటింపు వేయించాడు. ఆ చాటింపు విన్న మారక్క ఉన్నపళంగా కొలువుకు వెళ్ళి నేల మీద కూలబడింది.

“దొరా, ఆ తల్లి ఒంటి మీద నా పెనిమిటి చేతులున్నాయి. ఆయన్ను ఒకసారి కట్టెల మీద పెట్టి వచ్చాను. మళ్ళీ ఏట్లో వదలమంటే నా వల్ల కాదు. ఆ నలభై రోజులూ నాకియ్యండి, బాగుచేస్తాను.”

“శివశివా! ఈవిడ చెయ్యి తగలడమా?” అని చెవులు మూసుకున్నారు భట్టుగారు. దొర తల అడ్డంగా ఊపాడు. మారక్క లేచి, కొంగు నోట కుక్కుకుని వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం దొర భోజనం చేసి ఊయలబల్ల మీద నడుం వాల్చాడు. వాన పడుతోంది. వాన లోపలా పడుతోంది, బయటా పడుతోంది, గోడలు మంచులా పలచబడుతున్నాయి. ఆ మంచులోంచి పదేళ్ళ పిల్ల ఒకతె, జుట్టులోంచి నీళ్ళు కారుతూ, పెదవులు నీలంగా మారి, వణుకుతూ వచ్చి వాకిట్లో నిలబడింది. ఆ పిల్ల కోపంగా లేదు, అలిసిపోయి ఉంది. “నాయనా, మూడేళ్ళ నుంచి తడుస్తున్నాను. ఒళ్ళు తుడుచుకోవడానికి ఒక పొడిగుడ్డ ఇస్తావా?” అంది. దొర భుజం మీది ఉత్తరీయం తీసి ఇచ్చాడు. పిల్ల ముఖం తుడుచుకుంది, చేతులు తుడుచుకుంది, మెల్లగా మంచులో కలిసిపోయింది. కళ్ళు తెరిచేసరికి బయట ఎండ కాస్తోంది, చేతిలోని ఉత్తరీయం మాత్రం పిండితే నీళ్ళు కారేటంత తడిగా ఉంది.

దొర చెప్పులైనా తొడుక్కోకుండా మారక్క గుడిసెకు పరుగెత్తాడు. “అమ్మా, తప్పయింది. నువ్వే రావాలి” అన్నాడు. ఆమె మూలనున్న నూనెగిన్నె తీసుకుని బయలుదేరింది.

మొదటి ఇరవై రోజులూ ఆమె గుడిలోకి ఒక్క చుక్క నీరు రానివ్వలేదు. ఎండ తగిలితే కొయ్య పగులుతుందని గాలి మాత్రం ఆడేట్టు తడికలు కట్టి, కొబ్బరి పీచుతో బూజు రాల్చి, చెదలు పట్టిన చోట వేపనూనె పోసి నీడనే ఆరనిచ్చింది. తడి ఆరే కొద్దీ ముఖం మీది బీట మరింత వెడల్పయింది. “చూశారా, చూశారా!” అని భట్టుగారు గగ్గోలు పెట్టారు. దొరకూ గుండె జారింది. మారక్క మాత్రం “ఆరేటప్పుడు కొయ్య నోరు తెరుస్తుంది దొరా, తెరవనియ్యండి. అప్పుడే మందు లోపలికి పోతుంది” అంది. పుట్టతేనె మైనమూ గుగ్గిలం పొడీ కలిపి కరిగించి, ఆ బీట నిండా మెత్తగా ఒత్తింది.

అటుపైన అవిసె నూనెలో కాస్త గుగ్గిలం వేసి సన్నసెగన కాచి, గోరువెచ్చగా అరచేత పట్టించసాగింది. ఆ సంగతి తెలిసి ఊరు ఊరంతా నూనె కడవలతో మెట్టెక్కింది. పాపం, కడవల బుద్ధి ఎక్కడికి పోతుంది! మారక్కకు ఒళ్ళు మండింది. “పొయ్యడం కాదర్రా! కొయ్య తాగినంతే తాగుతుంది. మిగిలింది తుడిచెయ్యకపోతే జిగటగా నిలిచి దుమ్ము పడుతుంది. పుణ్యం పొయ్యడంలో లేదు, తుడవడంలో ఉంది” అని అందరినీ తిప్పి పంపింది. ఒక పూత, ఒక తుడుపు, మూడు రోజుల విరామం. ఇలా అయిదుసార్లు. తుడుస్తున్నంతసేపూ ఆమె కళ్ళు మూసుకునే ఉండేది. వేళ్ళ కింద కేతోజు ఉలి గీతలు ఒక్కొక్కటే తగులుతుంటే ఆమె చెంపల మీద నీళ్ళు కారేవట. అవి మాత్రం తల్లి మీద పడకుండా ముఖం పక్కకు తిప్పుకునేది.

నలభయ్యో రోజున తలుపులు తీశారు. కొయ్యమ్మ తల్లి తేనెరంగులో నిగనిగలాడుతూ, ముఖం మీద సన్నని మైనపు గీతతో, పొడిపొడిగా, హాయిగా కూర్చుని ఉంది. భట్టుగారు ఆ గుమ్మంలోనే సాగిలపడ్డారు. లేచాక ఆయన మారక్క ఎదుట చేతులు కట్టుకుని, “అమ్మా, ఏడాదికోసారి ఈ సేవ ఎలా చెయ్యాలో నాకు నేర్పు” అన్నారు. పెద్దమనిషి, ఒప్పుకోవాలి.

చెక్కించిన రాతి విగ్రహాన్ని గుడి ముంగిట నిలిపారు. పాలూ నీళ్ళూ ఎన్ని కడవలైనా ఈనాటికీ ఆ ముంగిటి తల్లికే. లోపలి తల్లికి నీటిచుక్క తగలదు, దర్శనానికి వచ్చినవారు చేతులు తుడుచుకున్నాకే గడప దాటాలి. అందుకే దీనికి తుడుపులమెట్ట అని పేరు. ఏటా వానలు వెళ్ళాక నూనె సేవ జరిగే ఉదయం, దూరదూరాల నుంచి ముత్తైదువలు పసుపు కుంకాలతో వచ్చి బారులు తీరుతారు. అయితే తల్లి ఒంటి మీద మొదటి అరచెయ్యి భర్త పోయిన ఆడదానిదే పడాలి. అర్చకులు మెట్ట దిగి ఎదురు వెళ్ళి, “అమ్మా, నువ్వే రావాలి” అని పిలిచి, ఆమెను ముందు నడిపించుకుని వస్తారు. ఆమె నూనె పట్టించి, తుడిచి, తృప్తిగా బయటికి వచ్చేదాకా తక్కినవాళ్ళంతా గడప ఇవతల చేతులు జోడించి నిలబడతారు.