ఒళ్ళో పెట్టిన పాదం

పట్నం పెద్దాసుపత్రిలో ఓబులమ్మకు మోకాలి కిందికి కాలు తీసేశారని కబురొచ్చింది. ఆశ్రమం వైద్యశాలలో ఆమె షుగర్ జబ్బుకు ఇన్నాళ్ళూ మందిచ్చింది శివచైతన్యే. డాక్టరు చదువు పూర్తిచేసి, ఆపైన కాషాయం కట్టినవాడు. ఆ కబురు విన్నప్పటి నుంచి అతనికి అన్నం సహించలేదు పాపం. అయినా గురువుగారి ముందు నోరు ఊరుకుంటుందా?

"నా వైద్యంలో లోపం లేదు స్వామీ. వచ్చినప్పుడల్లా షుగర్ చూశాను, మందు మార్చాను. ఆమె ఖర్మ అలా ఉంది. మిగతావాళ్ళంతా బాగానే ఉన్నారు."

"వాళ్ళ కాళ్ళు చూశావా?" అన్నారు నిత్యబోధ స్వామి. ఆయనా ఒకప్పటి డాక్టరే.

"నొప్పి అని ఎవరూ చెప్పలేదు స్వామీ."

స్వామి లేచారు. బయటికొచ్చి, బెంచీ మీద వరసగా కూర్చున్న షుగర్ రోగుల ముందు నేలమీద చతికిలబడ్డారు. ఇంకేముంది! అందరూ గబగబా కాళ్ళు వెనక్కి లాక్కుని పంచెల కిందా చీరల కిందా దాచేసుకున్నారు. కాషాయం ఎదుట కాళ్ళు చాపడమే! శివచైతన్య ముందు కూడా రోజూ అలాగే కూర్చునేవాళ్ళు.

"ఏదీ, కాలిలా పెట్టు," అంటూ స్వామి ముందున్న మద్దిలేటికి తన ఒడి చూపించారు.

"అయ్యో సామీ! మీ ఒళ్ళో కాలా? కళ్ళు పోతాయి నాకు!" మద్దిలేటికి ఏడుపొక్కటే తక్కువ. స్వామి వినలేదు, మడమ పట్టుకుని లాగారు.

అరికాల్లో ముల్లు విరిగి ఉంది. చుట్టూ చీము.

"ఈ ముల్లెప్పుడు గుచ్చుకుంది?"

"ఏ ముల్లు సామీ?" అని మద్దిలేటి వంగి చూశాడు.

షుగర్ ముదిరితే పాదాలకు నొప్పే తెలియదని శివచైతన్య చదువుకున్నదే. బెంచీ నిండా మనుషులు. ఇవాళ రానివాళ్ళు ఇంకెందరో! గురువుగారి పక్కనే కూలబడి, తర్వాతి మనిషి పాదం అందుకున్నాడు.

రానివాళ్ళందరికీ కబురు పెట్టి పిలిపించాడు. ఇకమీదట కాళ్ళు చూడందే మందివ్వడానికి వీల్లేదని వైద్యశాలలో అందరికీ గట్టిగా చెప్పాడు. వేసవి వెళ్ళాక గురువుగారి దగ్గరికొచ్చి, "ఇప్పుడు ఒక్కరిని కూడా వదలడం లేదు స్వామీ," అన్నాడు. గొంతులో కాస్త గర్వం ఉంది, ఉండదూ మరి!

స్వామి తిన్నగా గుమ్మం దగ్గరికి నడిచారు. మందు తీసుకుని చెప్పులేసుకుంటున్న ముసలామెను ఆపారు.

"అమ్మా, లోపల నీ కాళ్ళు చూశారా?"

ఆమె ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది.

"చూసినారు సామీ. వేళ్ళ సందుల్లో కూడా చూసినారు."

హమ్మయ్య అనుకున్నాడు శివచైతన్య.

స్వామి అక్కడే మెట్టు మీద కూర్చున్నారు.

"ఇదొక్కరి మాట. ఇంకొకరిని రానీ," అన్నారు.