జిలానీ గారి దాహం

త్రివిక్రమ్‌కు అన్నీ ఉన్నాయి, ఒక్క సంతకం తప్ప.

ఇళ్ళకు విలువ కట్టే లైసెన్సు ఊరికే రాదు. ఇంజనీరింగు చదివి ఉండాలి. ఆ పైన విలువ కట్టడం గురించి ప్రత్యేకంగా తరగతులకు వెళ్ళాలి. కంప్యూటరు ముందు కూర్చుని పరీక్ష గట్టెక్కాలి. పని తెలిసిన మనిషి దగ్గర కొన్నేళ్ళ అనుభవమూ చూపించాలి. త్రివిక్రమ్ చదువు చదివాడు, తరగతులకు వెళ్ళాడు, చాలామంది ఒకటికి రెండుసార్లు తప్పే పరీక్షను మొదటిసారే పాసయ్యాడు. ఇక మిగిలిందల్లా, 'ఇతను నా దగ్గర పనిచేశాడు, ఇంటి విలువ సొంతంగా కట్టగలడు' అన్న కాగితం మీద గురువు సంతకం.

ఆ గురువు చీరాలలో షేక్ జిలానీ గారు. బ్యాంకులు ఇంటి అప్పు ఇచ్చే ముందు ఆయన మాట కోసం ఎదురుచూసేవి. అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ కూడా ఆయన చెప్పిన అంకె విని, గొణుక్కుంటూనే ఒప్పుకునేవాళ్ళు. చేరిన మొదటిరోజు త్రివిక్రమ్ భక్తిగా "గురువుగారూ" అని పిలిస్తే, "నేనేమన్నా ఆశ్రమం పెట్టుకున్నానంటయ్యా? సార్ అను, చాల్లే" అన్నారు.

ఆ కాగితం ఆయన ఇంటి ముందుగదే అయిన ఆఫీసులో, బల్ల మీద అద్దం కింద పడుకుని ఉంది. రోజూ పొద్దున్నే అద్దం తుడిచేటప్పుడు త్రివిక్రమ్‌కు అది కనిపించేది. ఎప్పుడైనా గొంతు సవరించుకుని, "సార్, ఆ కాగితం..." అంటే జిలానీ గారు తల ఎత్తకుండానే జవాబు చెప్పేవారు.

"సొంతంగా కట్టగలడు అని రాసుంది గదా దాంట్లో. అది నాకు తెలియాల. తెలియకుండా తెలుసని ఎట్టా పెట్టేది సంతకం? పద, ఒక ఇల్లు చూడాల."

త్రివిక్రమ్ మనసులో ఉడికిపోయేవాడు. కాంట్రాక్టరు దగ్గర నికరమైన ఉద్యోగం వదులుకుని వచ్చాడు. ఇల్లు నడుస్తున్నది భార్య ప్రసూన బడి జీతం మీద. ఆమె ఒక్కనాడూ ఒక్క మాట అనలేదు. అనకపోవడమే అతనికి ఎక్కువ బరువుగా ఉండేది. పాసైన పరీక్ష కలకాలం చెల్లదు. గడువులోపల దరఖాస్తు వెళ్ళకపోతే మళ్ళీ మొదటికే రావాలి.

జిలానీ గారి దగ్గర అతనికి నచ్చని సంగతి ఇంకొకటి ఉంది. అది ఆయన దాహం.

ఏ ఇంటికి వెళ్ళినా, గడప దాటి కూర్చోగానే ఆయన మొదటి మాట ఒక్కటే. "అమ్మా, కాసిని మంచినీళ్ళు ఇప్పిస్తావా?" మేడయినా, రేకుల ఇల్లయినా అంతే. కొలతలూ లేవు, కాగితాలూ లేవు, ముందు నీళ్ళు. గ్లాసు వచ్చేదాకా తీరిగ్గా కూర్చునేవారు. వచ్చాక నెమ్మదిగా, కాఫీ తాగినట్టు గుక్కగుక్కగా తాగేవారు. ఆ లోపల త్రివిక్రమ్ టేపు పట్టుకుని సగం ఇల్లు కొలిచేసేవాడు. పెద్దాయనకు షుగరేమో, అందుకే ఇంత దాహమని అనుకునేవాడు.

తను మాత్రం ఎవరింట్లోనూ నీళ్ళు ముట్టడు. చిన్నప్పుడు కామెర్లు వచ్చి చావు తప్పి బతికాడు. అప్పటినుంచి వాళ్ళమ్మ కాచి చల్లార్చిన నీళ్ళు సీసాలో పోసి ఇచ్చేది. ఇప్పుడు ప్రసూన పోసి ఇస్తోంది. ఒకసారి ఎండలో ఆ స్టీలు సీసాను జిలానీ గారికి అందించబోయాడు.

"నీ నీళ్ళు నాకెందుకయ్యా?" అని ఆయన పక్కకు జరిపేశారు.

త్రివిక్రమ్ మనసు చివుక్కుమంది. ఆ మాట చాలా రోజులు మరిచిపోలేదు.

ఎండాకాలం చివర్లో జిలానీ గారికి కంటి ఆపరేషన్ అయింది. దుమ్ములోకి వెళ్ళొద్దని, నల్ల కళ్ళజోడు తియ్యొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. సరిగ్గా అప్పుడే బ్యాంకు ఒక ఇల్లు అప్పగించింది. ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే ఎస్తేరు అనే ఆమె, సముద్రం వైపు పోయే రోడ్డు పక్కన కోటిలింగం అనే ఆయన ఇల్లు కొనుక్కోబోతోంది. సగం డబ్బు తను దాచుకున్నది, సగం బ్యాంకు ఇవ్వాల్సింది.

"నువ్వే వెళ్ళిరా" అన్నారు జిలానీ గారు.

త్రివిక్రమ్‌కు కాళ్ళు నేల మీద ఆనలేదు. ఇదే పరీక్ష, ఇది నెగ్గితే సంతకం తన చేతిలో ఉన్నట్టే అనుకున్నాడు. తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని మరీ వెళ్ళాడు.

ఇల్లు ముచ్చటగా ఉంది. కొత్తగా రంగులు వేయించారు. కోటిలింగం ఎదురొచ్చి, "ఎండన పడి వచ్చారు, కూల్‌డ్రింక్ తెప్పిస్తా" అన్నాడు. త్రివిక్రమ్ తన సీసా చూపించి నవ్వాడు. గది గదీ కొలిచాడు. కప్పు చూశాడు, కిటికీలు చూశాడు, ట్యాంకు ఎక్కి చూశాడు. చుట్టుపక్కల ఈమధ్య అమ్ముడైన ఇళ్ళ ధరలు వాకబు చేశాడు. ఎక్కడా వేలెత్తి చూపడానికి లేకుండా నివేదిక తయారుచేసి, రంగు ఫోటోలు అతికించి తెచ్చాడు.

జిలానీ గారు నల్ల కళ్ళజోడుతో పడక్కుర్చీలో వాలి, "చదువు" అన్నారు.

త్రివిక్రమ్ మొదటినుంచి చివరిదాకా చదివాడు. ఆయన మధ్యలో రెండు చోట్ల తల ఊపారు. అది చూసి త్రివిక్రమ్ గొంతు ఇంకాస్త గట్టిపడింది. చదవడం అయ్యాక ఆయన అడిగారు.

"నీళ్ళు?"

"రాశాను సార్. బోరుంది. మునిసిపాలిటీ కుళాయి ఉంది. పైన ట్యాంకుంది."

"అది విన్నాలే. తాగావా?"

"నా దగ్గర సీసా ఉంది గదా సార్."

జిలానీ గారు పైకి లేచి చెప్పులు వెతుక్కున్నారు.

"స్కూటరు తియ్యి."

లోపలినుంచి ఆయన భార్య జైబున్నిసా గారు కేకేశారు. "ఆ కళ్ళేసుకుని ఎక్కడికండీ? డాక్టరు ఏం చెప్పాడు?"

"దుమ్ములోకి పోవద్దన్నాడు. దాహం వేస్తే తాగొద్దనలేదుగా" అంటూ ఆయన వాకిలి దాటేశారు.

ఈసారి కోటిలింగం ఇంకా మర్యాద చేశాడు. కుర్చీలు వేయించాడు, ఫ్యాను తిప్పించాడు. జిలానీ గారు కూర్చుని, వంటింటి వైపు తిరిగి తన పాత పాటే పాడారు.

"అమ్మా, కాసిని మంచినీళ్ళు ఇప్పిస్తావా?"

"నీళ్ళేందండీ, చల్లగా కూల్‌డ్రింక్..." అని కోటిలింగం కంగారుగా లేచాడు.

"వద్దులే అయ్యా. వయసు పైబడింది. మంచినీళ్ళు చాలు."

ఇంటావిడ నాగేంద్రమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. భర్త వంక చూసింది. అతను ఫ్యాను వంక చూశాడు. ఆమె లోపలికి వెళ్ళింది.

త్రివిక్రమ్‌కు అలవాటు ప్రకారం చెయ్యి టేపు మీదికి పోయింది. జిలానీ గారు మెల్లగా అతని మణికట్టు పట్టుకుని పక్కన కూర్చోబెట్టారు. టేపు ఆయనే తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నారు. కొలవడానికి ఏమీ లేక, మొదటిసారి త్రివిక్రమ్ ఊరికే కూర్చున్నాడు.

వంటింట్లో గిన్నెల చప్పుడేమీ లేదు. పెరట్లో తలుపు తీసిన చప్పుడైంది. తర్వాత పక్కన గేటు గొళ్ళెం కిర్రుమంది. ఎవరో ఇసుకలో నడిచి వెళ్ళారు. దూరంగా ఆడవాళ్ళ మాటలు వినిపించాయి. చాలాసేపటికి మళ్ళీ అదే గొళ్ళెం కిర్రుమంది.

నాగేంద్రమ్మ పైట చెంగుతో ముఖం తుడుచుకుంటూ గ్లాసు తెచ్చింది. జిలానీ గారు సగం తాగి, మిగతా సగం త్రివిక్రమ్‌కు అందించారు.

"తాగు."

అతను తటపటాయించాడు. అమ్మ గుర్తొచ్చింది, కామెర్లు గుర్తొచ్చాయి. అయినా తాగాడు. నీళ్ళు తియ్యగా ఉన్నాయి. 'బాగానే ఉన్నాయి సార్' అనబోయి ఆగిపోయాడు. చెవుల్లో ఇంకా ఆ గొళ్ళెం చప్పుడే ఉంది.

"అమ్మా, ఈ నీళ్ళు మీ ఇంట్లోవి కావు కదూ?" అన్నాడు.

కోటిలింగం నోరు తెరిచాడు గాని, ముందు మాట్లాడింది ఆమే.

"కాదు బాబూ. మాది ఉప్పు నీళ్ళు. కుళాయి ఉందిగాని నీళ్ళు ఇక్కడిదాకా ఎక్కవు. నాలుగిళ్ళ అవతలనించి తెచ్చా. నోరు తెరిచి మంచినీళ్ళడిగిన మనిషికి ఆ ఉప్పు నీళ్ళు ఎట్టా ఇస్తాను?"

త్రివిక్రమ్ లేచి పెరట్లోకి వెళ్ళాడు. కుళాయి తిప్పితే గాలి తప్ప ఏమీ రాలేదు. బోరు నీళ్ళు దోసిట పట్టి నోట్లో పోసుకుని ఉమ్మేశాడు. వంగి, కుళాయి పక్క గోడను కొత్త రంగు మీద గోటితో గీశాడు. రంగు పెచ్చుగా ఊడింది. లోపలినుంచి తెల్లటి ఉప్పు, దాని వెనకే సిమెంటు, పిండిలా రాలాయి. నిన్న ఇదే గోడకు ఎదురుగా నిలబడి ఫోటో తీశాడు. నివేదికలో 'గోడలు దృఢంగా ఉన్నవి' అని రాశాడు. తన అక్షరాలు కళ్ళ ముందు కనిపించాయి.

రాత్రిళ్ళు డ్యూటీలు చేసి దాచుకున్న డబ్బు, ఎస్తేరు ఈ గోడల మీద పోయబోయింది. త్రివిక్రమ్ మాట నమ్మి.

అతను లోపలికి వచ్చేసరికి కోటిలింగం తల దించుకుని ఉన్నాడు. జిలానీ గారు ఆయన భుజం తడుతున్నారు.

"ఇల్లు శ్రద్ధగానే కట్టుకున్నావయ్యా. నేల ఉప్పుదైతే నువ్వేం చేస్తావు? ఉన్నది ఉన్నట్టు రాస్తాం, అంతే. దానికి తగ్గ ధర దానికి వస్తుంది." తర్వాత నాగేంద్రమ్మ వైపు తిరిగి రెండు చేతులూ జోడించారు. "ఎండలో నడిపించా తల్లీ. నీ నీళ్ళు చల్లగా ఉన్నాయి."

తిరిగి వచ్చేటప్పుడు స్కూటరు త్రివిక్రమే నడిపాడు. ఇన్నాళ్ళూ సంతకం పెట్టలేదని ఈ మనిషిని మనసులో ఎన్ని మాటలన్నాడో! అప్పుడే పెట్టేసి ఉంటే నిన్నటి నివేదిక ఈపాటికి బ్యాంకులో ఉండేది. పెట్టనందుకు బండి ఆపి ఆయన కాళ్ళు పట్టుకోవాలనిపించింది.

"సార్..." అన్నాడు.

"గుంటలు చూసి నడుపు. కన్ను అదురుతోంది" అన్నారు వెనకనుంచి.

నివేదిక మళ్ళీ రాశాడు. విలువ తగ్గింది. ఎస్తేరు ఆ కాగితం పట్టుకుని బేరమాడి, తగ్గిన ధరకే ఇల్లు కొనుక్కుంది. ఆదా అయిన దాంతో గోడలు బాగుచేయించి, పక్క వీధినుంచి మంచినీళ్ళ గొట్టం వేయించుకుంది. ఒకనాడు పళ్ళు పట్టుకుని ఆఫీసుకు వచ్చింది. "ముందే తెలిసింది గాబట్టి తట్టుకున్నా సార్. చేరినాక తెలిసుంటే ఏడ్చుకుంటా కూర్చునేదాన్ని" అని దణ్ణం పెట్టింది. జిలానీ గారు ఆ దణ్ణాన్ని త్రివిక్రమ్ వైపు మళ్ళించారు. అతను సిగ్గుతో కుంచించుకుపోయి, పళ్ళ సంచి అందుకున్నాడు.

ఆ తర్వాత అతను సంతకం మాట ఎత్తలేదు. గడువు దగ్గర పడుతోందని తెలుసు. ప్రసూనకు జరిగింది చెబితే, "అయితే ఇంకాస్త నేర్చుకునే రా" అంది. అద్దం తుడిచేవాడు, కాగితం చూసేవాడు, సంచి భుజాన వేసుకుని ఇళ్ళు చూడటానికి వెళ్ళేవాడు.

వానలు మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం అతను ఊరవతల ఇల్లొకటి చూసి, తడిసి వచ్చాడు. జిలానీ గారు నల్ల కళ్ళజోడు తీసేసి, మామూలు అద్దాలతో పేపరు చదువుకుంటున్నారు. ఉన్నట్టుండి పేపరు మడిచి చెయ్యి చాపారు.

"దాహంగా ఉందయ్యా. నీ సీసా ఇటియ్యి."

త్రివిక్రమ్ తెల్లబోయాడు. ఎండలో ఇస్తే పక్కకు నెట్టిన మనిషి వానలో అడుగుతున్నాడు.

"సీసా తేవట్లేదు సార్."

"ఎప్పట్నించి?"

"ఆ ఇల్లు చూసొచ్చిన కాణ్ణించి."

"మరి దాహం వేస్తే?"

"అడుగుతున్నాను సార్."

జిలానీ గారు బల్ల మీది అద్దం ఒక చేత్తో ఎత్తి, కాగితం బయటికి లాగారు. చాలాకాలం అద్దం కింద ఉండి అది ఒక మూల అంటుకుపోయింది. చిరగకుండా మెల్లగా తీశారు. జేబులో కలం తీసి, పేరు మొత్తం పొడుగ్గా రాసి, కింద గీత గీశారు.

త్రివిక్రమ్ ఆ కాగితం అందుకోబోయాడు. కళ్ళు నిండి అక్షరాలు కనిపించలేదు.

జిలానీ గారు మళ్ళీ పేపరు విప్పుకున్నారు.

"అది తర్వాత చూసుకోవచ్చులే. ముందు లోపలికెళ్ళి, జైబున్నిసాను అడిగి కాసిని మంచినీళ్ళు తీసుకురా. ఇద్దరికీ."