గాలి కొలిచే తీగ

అప్పలాచారి మేష్టారిని ఎవరైనా ప్రశ్న అడిగితే, ఆయన ముందుగా వాళ్ల చేతికి ఒక పాత గుడ్డ ఇస్తారు. చేతులు మురికి కాకుండా దొరికిన జవాబు మనిషి దగ్గర నిలవదని ఆయన గట్టి నమ్మకం. ఆ నమ్మకం ఆయనకి ఊరికే రాలేదు. బస్సు డిపోలో గ్రీజు డబ్బాలు మోసి, పెద్ద మెకానిక్కుల చేత తిట్లు తిని, పని చేసుకుంటూనే చదువుకుని, పాలిటెక్నిక్‌లో ఇంజన్ల పాఠం చెప్పేదాకా వచ్చిన మనిషి ఆయన. రిటైరయ్యాక విశాఖలో మర్రిపాలెం ఇంటి పక్కన రేకుల షెడ్డు వేసుకున్నారు. సొంత బండి సొంతంగా బాగుచేసుకుందామనుకునే వాళ్లు ఆదివారం పొద్దున్నే అక్కడికి చేరేవారు. కార్ల గురించి వచ్చినవాళ్లు కార్ల గురించే అడగాలని ఆయన పట్టుబట్టలేదు.

ఆ ఆదివారం అడిగినవాడు టైల్స్ వ్యాపారి తవిటినాయుడు.

"మేష్టారూ, నా కూతురి మీద నేనేనాడూ చెయ్యెత్తలేదు. గొంతు కూడా పెంచలేదు. అడిగినవీ అడగనివీ అన్నీ తెచ్చి పెట్టాను. మరి అది నాతో నిజం ఎందుకు చెప్పదు?"

వాడి కూతురు చందన విజయవాడ హాస్టల్లో ఉండి డాక్టరు చదువుకి కోచింగ్ తీసుకుంటోంది. క్లాసులకి వెళ్లడం మానేసి నెలలు గడిచాయట. ఆ సంగతి హాస్టల్ వార్డెన్ ఫోన్ చేసి చెబితే గాని నాయుడికి తెలియలేదు. రోజూ మాట్లాడుతూనే ఉన్నాడు. రోజూ ఆ పిల్ల "బాగానే ఉంది నాన్నా" అంటూనే ఉంది. ఇవాళ సాయంత్రం రైలు దిగుతుంది. ఎవరికీ చెప్పని మాట తండ్రికి చెబుతుందో, మళ్లీ "బాగానే ఉంది" అనేసి గదిలోకి వెళ్లి తలుపేసుకుంటుందో అని వాడికి పొద్దుటినుంచీ ఒకటే దిగులు. కొత్త ఫోను ఒకటి కొని సిద్ధంగా ఉంచాడు కూడా.

మేష్టారు గుడ్డ ఇచ్చారు. "బానెట్ ఎత్తు" అన్నారు.

నాయుడిది, ఇంజన్లోకి గాలిని బలంగా తోసే టర్బో ఉన్న జర్మన్ కారు. ఎవరో వాడి అమ్మిందే అయినా దాన్ని చూసుకునే తీరు పెళ్లికొడుకుని చూసుకున్నట్టుండేది. కంప్యూటర్లో లెక్కలు మార్పించి బలం పెంచాడు. పొగ గొట్టం పెద్దది వేయించాడు. కంపెనీ ఇచ్చిన కాగితపు ఎయిర్ ఫిల్టరు తీసేసి, కడిగి నూనె పట్టించుకునే గుడ్డ ఫిల్టరు బిగించాడు. అదంతా అయ్యాక కొన్నాళ్లకి బండి డీలా పడింది. ఎత్తు ఎక్కమంటే మూలుగుతోంది. డ్యాష్‌బోర్డులో ఎర్రదీపం. స్కానర్ పెడితే, గాలికి తగ్గ పెట్రోలు అందడం లేదంటుంది. ప్లగ్గులు మార్చాడు, కాయిళ్లు మార్చాడు, గొట్టాలు మార్చాడు. బండి మొరాయిస్తే సామాను మార్చడమే వైద్యమనుకునే కాలం కదా ఇది! ఇవాళ ఏకంగా కొత్త టర్బోయే అట్టపెట్టెలో పెట్టుకొచ్చాడు.

"పాతది ఊడదీసేద్దాం మేష్టారూ. పాపం, అదే అలిసిపోయుంటుంది."

"నువ్వు మార్చనిదేదో అది మిగిలింది కాబట్టి దొంగ అదేనా? ఏటయ్యా నీ న్యాయం!" మేష్టారు గయ్యిమన్నారు. ఎయిర్ ఫిల్టరు పెట్టె వెనక గొట్టానికి ఉన్న చిన్న వైరు ప్లగ్గు చూపించారు. "అది పీకి, సింహాచలం రోడ్డు ఎత్తు దాకా వెళ్లి రా."

"అది గాలి కొలిచేది కదా? పీకేస్తే బండికి లెక్కెలా తెలుస్తుంది?"

"వెళ్లి రమ్మన్నానా లేదా?"

నాయుడు వెళ్లాడు. వెళ్లేటప్పుడు మొహంలో ఉన్న విసుగు వచ్చేటప్పుడు లేదు. దిగీ దిగకముందే అడిగాడు. "ఇదేం వింత మేష్టారూ! కొలిచేది ఉన్నప్పుడు కుంటింది. అది లేకపోతే కుదురుగా ఎక్కింది!"

"లేనప్పుడు బండి తన అంచనా మీద నడుస్తోంది. ఉన్నప్పుడు దాని మాట నమ్మి నడిచింది. నమ్మితే చెడింది. ఎందుకో చూడాలని లేదూ?"

ఉండకేం! నాయుడు స్క్రూలు తిప్పి ఆ కొలిచే ముక్కని బయటికి తీశాడు. లోపల వెంట్రుక కన్నా సన్నని తీగ ఉంది. మేష్టారు దాన్ని వెలుతురుకి పట్టి చెప్పారు. ఆ తీగని కరెంటుతో వేడిగా ఉంచుతారు. గాలి దాన్ని రాసుకుంటూ పోయినప్పుడు చల్లబడుతుంది. ఎంత చల్లబడిందన్నదాన్ని బట్టి ఎంత గాలి పోయిందో బండి తెలుసుకుంటుంది. ఆ లెక్క మీదే పెట్రోలు పోస్తుంది.

నాయుడు కళ్లు చిట్లించి చూశాడు. తీగ మెరవడం లేదు. దాని నిండా గోధుమరంగు జిడ్డు, దాని మీద దుమ్ము.

"ఈ జిడ్డు ఎక్కడిది?"

"నన్నడుగుతావేం? గాలి ఫిల్టరు దాటాకే ఈ తీగ దగ్గరికి వస్తుంది. ఆ గుడ్డ ఫిల్టరుకి నూనె ఎవరు పట్టించారు?"

"నేనే. శనివారం శనివారం కడిగి పట్టిస్తాను. డబ్బా మీద కొంచెమే రాయమని ఉంది గానీ..." నాయుడు నవ్వాడు. "మా ఇంట్లో పసిపిల్లకి తల అంటితే నూనె చెవుల మీదికి కారాలి. అలా చూసుకున్నాను దీన్ని. ఏనాడూ తక్కువ చెయ్యలేదు మేష్టారూ."

"తక్కువ చెయ్యలేదు" అని మేష్టారు ఆ మాటే తిరిగి అన్నారు.

అంతలో నాయుడి ఫోను మోగింది. చందన. వాడు ఫోను అందుకోవడంతోనే మొదలెట్టాడు. "బంగారుతల్లీ, తిన్నావా? రైలెక్కేశావా? నువ్వేమీ మనసులో పెట్టుకోకు. నాకేం కోపం లేదు. నువ్వేం చేసినా నాకు ఇష్టమేనమ్మా. సాయంత్రం నీకోసం ఒకటి తెస్తున్నాను, చూస్తే ఎగిరి గంతేస్తావు. ఆఁ? ఏదో అంటున్నావు?"

"ఏం లేదు నాన్నా. బాగానే ఉంది" అన్న మాట షెడ్డులో ఇద్దరికీ వినబడింది.

నాయుడు ఫోను జేబులో వేసుకుని, చేతిలోని గుడ్డతో ఆ తీగని తుడవబోయాడు.

"చెయ్యి తియ్యి!" మేష్టారి అరుపుకి ఎదురింటావిడ వాకిట్లోకి వచ్చి చూసింది. "నీ ప్రేమకి అది తెగిపోతుంది."

మరక మిగల్చకుండా ఆరే మందు ఉంటుంది. దాన్ని దూరం నుంచి చల్లి, జిడ్డు కరిగి కారిపోయేదాకా వదిలేశారు. ఆరేదాకా ముట్టుకోవద్దన్నారు. పని లేకుండా కూర్చోవడం నాయుడికి పుట్టాక తెలియదు. లేచాడు, కూర్చున్నాడు, టర్బో పెట్టె తాడు సర్దాడు, ఊది ఆరబెట్టనా అని అడిగి ఇంకోసారి తిట్లు తిన్నాడు. చివరికి ఊరుకున్నాడు. ఊరుకున్నాక వాడికే తోచింది, ఫోన్లో ఆ పిల్ల ఏదో మొదలుపెట్టబోయిందని. ఏమిటో తను వినలేదు.

తీగ తేటగా మెరిసింది. దాన్ని బిగించి, మేష్టారి షెడ్డులో దొరికిన మామూలు కాగితపు ఫిల్టరు పెట్టి, నాయుడు మళ్లీ ఆ ఎత్తు దాకా వెళ్లి వచ్చాడు. ఈసారి బండి గుర్రంలా ఎక్కింది. కొత్త టర్బో పెట్టె విప్పకుండానే డిక్కీలోకి వెళ్లింది.

చేతులు కడుక్కుంటూ వాడు సంతోషపడాల్సింది పోయి దిగాలుగా నిలబడ్డాడు.

"బండి సంగతి తేల్చారు. నా ప్రశ్న అలాగే ఉండిపోయింది మేష్టారూ. అంత అబద్ధం అది నాతో ఎలా ఆడగలిగింది? సాయంత్రం స్టేషన్లో దానితో ఏం మాట్లాడను?"

మేష్టారు బానెట్ దించి, దాని మీద చెయ్యి ఆనించారు.

"ఆ తీగ నీతో అబద్ధమాడలేదు నాయుడూ" అన్నారు. "దానికి గాలి తగల్లేదు."