మంటల బండికి రాజమర్యాద

రండి నాయనా, రండి తల్లీ, ఇంకాస్త ముందుకు జరగండి. స్తంభం వెనక కూర్చుంటే నా గొంతు మీకు వినబడుతుంది గానీ మీ నవ్వు మొహాలు నాకు కనబడవు. నరసింహస్వామికి ఒక్క దణ్ణం పెట్టుకుని చెవులు ఇటు పడేయండి.

రంగసముద్రమని ఓ చిన్న పట్నం. దాన్నేలే కేశవ భూపతికి ఒకనాడు కోరిక పుట్టింది. చుట్టుపక్కల ఏ రాజుకీ లేని మంటల బండి తనకుండాలట. మంటలార్పే బండి అన్నమాట. అనుకున్నదే తడవు, చేయించాడు.

ఏం బండి తల్లీ అది. లాగడానికి ఎనిమిది ఎడ్లు. నీళ్లు చిమ్మడానికి ఇత్తడి సింహం నోరు. పైన పట్టు గొడుగు. పక్కన రాజుగారి బొమ్మ, మీసాలతో సహా. తడి తగిలితే బొమ్మ చెడుతుందని తొట్టిలో నీళ్లు పోయలేదు. నిప్పు సోకితే పట్టు కాలుతుందని మంటల దగ్గరికి పంపలేదు. ఈ రెండూ తప్ప బండిలో వంక పెట్టడానికేమీ లేదు.

దానికో అధికారి, అగ్నిదండనాథ మల్లినాయకుడు.

మరి అప్పటిదాకా ఊళ్లో మంటలార్పిందెవరు? పిలుపు దళం. కుండలు చేసేవాళ్లు, నేతగాళ్లు, రంగులద్దేవాళ్లు. జీతం లేదు, బిరుదు లేదు. కేక వినబడితే చేతిలో పని వదిలేసి వస్తారు. వాళ్ల పెద్ద, మజ్జిగమ్మే సిద్దమ్మ. కోట గుమ్మం పక్కన ఓ కొట్టం, అందులో పాత తొట్టి బండి, నాలుగు గోనెలు. అంతే వాళ్ల వైభవం.

"ప్రభూ, ఇంత బండి ఎండలో నిలబడితే మనకి నామర్దా," అన్నాడు మల్లినాయకుడు. "ఆ మజ్జిగ మనిషి కొట్టం పీకించి అక్కడ మండపం కడదాం. ఆ దళంతో ఇక పనేముంది?"

రాజు తలూపాడు.

రాజుగారికి తాంబూలం చుట్టిచ్చే పేరయ్య పక్కనే ఉండి ఇదంతా విన్నాడు. మండు వేసవి. నేతగాళ్ల వీధి నిండా తాటాకు ఇళ్లే.

"ప్రభూ, ఎక్కడైనా నిప్పంటుకుంటే?"

"దండనాథుడున్నాడుగా."

"ఉన్నారు ప్రభూ. కనబడుతూనే ఉన్నారు," అని ఆకుకి సున్నం రాశాడు పేరయ్య.

శుక్రవారం సాయంత్రం ముహూర్తం. కోట ముంగిట్లో రాజుగారి సభ, బండికి పూలదండలు, హారతి. కొట్టం దగ్గర గునపాలు పట్టుకుని కూలీలు. సిద్దమ్మ వాళ్లు తమ గోనెలు తొట్టి బండిలోకి సర్దుకుంటున్నారు. భట్టుగారు మల్లినాయకుడి బిరుదులు చదవడం మొదలెట్టారు. జ్వాలాగర్వభంజన దగ్గరికొచ్చేసరికి పేరయ్య ప్రహరీ మీదుగా చూసి, మెల్లగా అన్నాడు.

"నాయకులవారూ, తమరి పెరట్లోంచి పొగ లేస్తోందండీ."

మల్లినాయకుడు తల తిప్పాడు. తెల్లటి పొగ, దట్టంగా, తన ఇంటి మీదే. పక్కనున్న హారతి పళ్లేన్ని తన్నుకుంటూ, తన బండి చక్రాన్ని రాసుకుంటూ, కొట్టం వైపు దౌడు తీశాడు.

"సిద్దక్కా, నా తల్లీ, ఇల్లు కాలిపోతోందే, రావే."

సిద్దమ్మ ఒక్క మాట అడగలేదు. సర్దిన సామాను కింద పడేసింది. గునపాలు పట్టుకున్న కూలీలు కూడా అవి వదిలేసి బండి తోశారు. బావి దగ్గర తొట్టి నింపుకుని నాయకుడి ఇంటి సందులోకి మలుపు తిరిగారు.

కాసేపటికి సభలోకి ఓ ఆవిడొచ్చింది, నిలువెల్లా తడిసి ముద్దయి. మల్లినాయకుడి భార్య. వెనక తలొంచుకుని ఆయన.

"గొడ్లకి దోమలు కుడుతున్నాయని వేపాకు పొగ పెట్టుకున్నానయ్యా," అంది ఆవిడ రాజుతో. "ఈయన ఊరినంతా తోలుకొచ్చి నా మీదా ఆవు మీదా నీళ్లు పోయించాడు. ఆవు ఇంకా వణుకుతోంది."

మల్లినాయకుడు పేరయ్య మీదకి లేచాడు. "వీడు అబద్ధమాడాడు ప్రభూ."

"పొగ ఉందన్నాను, ఉంది," అన్నాడు పేరయ్య. "పచ్చి వేపాకు గంపెడు పొద్దున పంపింది కూడా నేనే. గొడ్ల బాధ చూడలేకపోయాను. నాదొక్కటే సందేహం నాయకులవారూ. బండి మీ మోచేతి పక్కనే ఉందిగా, దాన్ని దాటుకుని ఎక్కడికెళ్లారు?"

"ఆ తొందరలో బండి గుర్తు రాలేదు," అని గొణిగాడు మల్లినాయకుడు.

పేరయ్య రాజు వైపు తిరిగి చేతులు కట్టుకున్నాడు.

"తన ఇల్లు కాలుతుందంటే తనకే గుర్తు రాని బండి, ప్రభూ, మా ఇళ్లు కాలేటప్పుడు ఎవరికి గుర్తొస్తుంది?"

ముందు నవ్వింది ఆ తడిసిన ఇల్లాలే. తర్వాత రాజు. ఆ తర్వాత, రాజు నవ్వాడు కాబట్టి, సభంతా. కొట్టం అక్కడే ఉంచమన్నాడు, పెంకులు కూడా వేయించమన్నాడు. పట్టు గొడుగు పీకించి, తొట్టిలో నీళ్లు నింపించి, ఎనిమిది ఎడ్లతో సహా బండిని సిద్దమ్మకిచ్చాడు. మల్లినాయకుణ్ణి ఆవిడ కింద నీళ్లు తోడే పనిలో పెట్టాడు, బిరుదులు అలాగే ఉండనిచ్చాడు. తన శాలువా తీసి పేరయ్యకి కప్పాడు.

పేరయ్య తెలివి మీరు మరిచిపోయినా నష్టం లేదు నాయనా. ఇదొక్కటి మాత్రం గుర్తుంచుకుని ఇంటికెళ్లి పిల్లలకి చెప్పండి: తన కొట్టం కూల్చడానికొచ్చినవాడి ఇంటికి, ఒక్క మాట అడక్కుండా, సిద్దమ్మ నీళ్లు తీసుకుని పరుగెత్తింది.