తల్లిముద్ద, రాజముద్ర

పూర్వం కుందవర నగరంలో కుక్కపిల్లనో పిల్లికూననో తెచ్చుకోదలచినవారు ముందుగా దాని తల్లికి ఒక అన్నంముద్ద పెట్టేవారు. పెట్టి, "తల్లీ, నీ బిడ్డను ఇస్తావా?" అని అడిగేవారు. దానిని తల్లిముద్ద అనేవారు. ఆ అలవాటు క్రమంగా పోయింది. పోయినది తిరిగి ఎలా వచ్చిందో చెప్పేదే ఈ కథ.

అది జంతువులకు మాట ఉన్న కాలం. అయితే వాటికొక మర్యాద ఉండేది. అడిగితేనే బదులు చెప్పేవి. అడగనిదే నోరు విప్పేవి కావు.

ఆ నగరం చివర, వెదురు అంగడి పక్కన, పేరమ్మ అనే మేదరి స్త్రీ బుట్టలు, చేటలు, గంపలు అల్లుకుని బతికేది. భర్త ఓబన్న కాలం చేసిన తరువాత ఆ ఇంట్లో మాటకు మాట చెప్పేది మల్లి అనే కుక్క ఒక్కతే. మల్లిది నల్లని ఒళ్ళు. కుడి ముందుకాలు మాత్రం సున్నంలో ముంచి తీసినట్టు తెల్లగా ఉండేది. సాయంకాలం పని ముగించి, పేరమ్మ పెరుగన్నం కలుపుకుంటూ, "బుట్ట ఎట్లా ఉందే?" అని అడిగేది.

"ఒక పక్కకు వాలిందమ్మా" అనేది మల్లి.

ఎంత చక్కని బుట్టకైనా అదే జవాబు. పేరమ్మ నవ్వి, గిన్నెలోని చివరి ముద్ద మల్లికి పెట్టేది.

ఒక వానకాలం మల్లి చూలుతో ఉన్నది. పేరమ్మ ఇంటికప్పు కురుస్తున్నది. ఆ సమయంలో సుముఖుడనే వర్తకుడు బుట్టలకోసం వచ్చాడు. పేరుకు తగినట్టు అతనిది ఎప్పుడూ నవ్వుముఖమే.

"పేరక్కా, ఈ తడిలో దీనికి కాన్పేమిటి? నా తోటలో పొడి చావడి ఉంది. పిల్లలు కాస్త తేరుకున్నాక నేనే తెచ్చి దిగబెడతాను" అన్నాడు.

పేరమ్మ నమ్మింది. వెళతావా అని మల్లిని అడగడం మాత్రం మరిచిపోయింది.

వానలు వెలిశాయి. "నీ కుక్క గోడ దూకి పారిపోయిందక్కా. నేనూ ఎంతో వెతికించాను" అన్నాడు సుముఖుడు. పేరమ్మ వీధివీధీ తిరిగి, పేరు పెట్టి పిలిచి, గొంతు పోగొట్టుకుని ఇంటికి వచ్చింది.

ఏళ్ళు గడిచాయి. సుముఖుడు అంగడి తెరిచి, రంగుల మూతబుట్టల్లో కూనలను అమ్మసాగాడు. తల్లిని వెతుక్కుంటూ వెళ్ళే శ్రమ తప్పిందని జనం సంతోషించారు. ఆ బుట్టలన్నీ పేరమ్మ అల్లినవే. అవిగాక పెద్దపెద్ద గంపలు కూడా అడిగేవాడు. "కోళ్ళను కమ్మడానికక్కా" అనేవాడు.

ఒకనాడు పేరమ్మ కొత్త బుట్టలు అప్పగించడానికి అంగడికి వెళ్ళింది. అక్కడ ఒక బుట్టలో నల్లని కూన కదులుతున్నది. ఇంకా సరిగా కళ్ళు తెరవలేదు. దాని కుడి ముందుకాలు సున్నంలో ముంచి తీసినట్టు ఉన్నది.

పేరమ్మ ఆ కాలు పట్టుకుని చూసింది. మల్లి బతికే ఉంది. ఇన్నేళ్ళుగా కంటూనే ఉంది.

"దీని తల్లి ఎక్కడ నాయనా?"

"బుట్టలల్లేవాళ్ళు బుట్టలు చూసుకోవాలక్కా. లోపలున్నదానితో నీకేం పని?" అని నవ్వాడు సుముఖుడు.

పేరమ్మ అటునుంచి అటే రాజసభకు పరుగెత్తింది. మణిధర మహారాజు ఆమె మాట శ్రద్ధగా విన్నాడు. రాకుమారి ముచ్చటపడి తెచ్చుకున్న పిల్లికూన, ఆ అంగడిదే, వారం తిరగకముందే చనిపోయింది. తల్లిపాలు మరవకముందే తెచ్చిన కూనలు అలాగే రాలిపోతున్నాయని నగరమంతా చెప్పుకుంటున్నది.

"రాజముద్ర పొందనివారు కూనలను అమ్మరాదు" అని రాజు శాసనం చేశాడు.

సుముఖుడు మరునాడే సభకు వచ్చి, గుండెమీద చేయివేసుకుని, తల్లులను కన్నబిడ్డల్లా చూసుకుంటున్నానని చెప్పి, ముద్ర సంపాదించాడు. దానిని అంగడి గుమ్మానికి వేలాడదీశాడు. రాజముద్ర ఉన్న కూనలు అనేసరికి జనం మునుపటికంటే ఎక్కువగా ఎగబడ్డారు.

పేరమ్మ మళ్ళీ మొరపెట్టుకుంది. "అధికారి స్వయంగా తోటకు వెళ్ళి, తల్లులను చూసి రావాలి" అని రాజు రెండవ శాసనం చేశాడు. అయితే అధికారి ఎక్కడికి వెళ్ళినా ముందుగా దండోరా వేయించడం ఆ రాజ్యపు మర్యాద. డప్పు చప్పుడు వినగానే సుముఖుడు తోట ఊడ్పించాడు. బాగా బలిసిన కుక్కనొకదానిని కడిగించి, పట్టుదుప్పటి కప్పి, మెత్తని పరుపుమీద కూర్చోబెట్టాడు. అధికారి దూరంనుంచే చూసి, పాయసం తాగి, "తల్లులు రాణుల్లా ఉన్నారు ప్రభూ" అని విన్నవించాడు.

పేరమ్మ మూడవసారి సభలో నిలబడింది. "ప్రభూ, మీ ముద్ర వచ్చింది. మీ డప్పు వచ్చింది. నా మల్లి మాత్రం రాలేదు."

"ఇంకేం చేయమంటావమ్మా?"

"ఈసారి డప్పు వద్దు. గిన్నెడు పెరుగన్నం చాలు. ఇప్పుడే కదలండి."

రాజు కిరీటం తీసి పక్కన పెట్టి లేచాడు. ముందు పేరమ్మ, వెనుక రాజు, ఆ వెనుక రొప్పుతూ అధికారి. దారిలో పని మానుకుని జనం కలిశారు. తోట తలుపు తట్టేసరికి వీధి నిండిపోయింది. సుముఖుడు ఆ వచ్చినవారిని చూసి, పట్టుదుప్పటిని ఒక చేత్తో, ఆ కుక్కను ఒక చేత్తో లాక్కుంటూ, ఎలాగో దానిని పరుపుమీదికి చేర్చాడు.

"దయచేయండి ప్రభూ. ఇదిగో, నా కూనలన్నిటికీ తల్లి" అన్నాడు.

పేరమ్మ వంగి, దాని ముందు ముద్ద పెట్టి, పాత పద్ధతిలోనే అడిగింది. "తల్లీ, నీ బిడ్డను ఇస్తావా?"

కుక్క ముద్ద తిని, మూతి నాక్కుని, "నాకు బిడ్డలెక్కడివమ్మా? నేను మగవాణ్ణి" అన్నది.

వీధి వీధంతా గొల్లున నవ్వింది. రాజు అధికారివైపు తిరిగాడు. "నువ్వు వచ్చి చూశావు కదయ్యా?"

"దుప్పటి కప్పి ఉంది ప్రభూ" అన్నాడు అధికారి నేల చూస్తూ.

"మరి నువ్వైనా చెప్పలేదేం?" అని రాజు కుక్కను అడిగాడు.

"నన్నెవరడిగారు ప్రభూ? కూర్చోమన్నారు, కూర్చున్నాను."

"తల్లులు ఎక్కడున్నారు?" అని పేరమ్మ అడిగింది.

"కట్టెలకొట్టు వెనకాల."

పేరమ్మ పరుగెత్తింది. కొట్టు వెనక చీకటిపాకలో వరుసగా గంపలు బోర్లించి ఉన్నాయి. వాటిమీద రాళ్ళు పెట్టి ఉన్నాయి. అంచు అల్లిక చూడగానే ఆమెకు తెలిసింది. అవి తన చేతి గంపలే.

మొదటి గంప తట్టింది. "ఎవరే లోపల?" "పిల్లిని. తలెత్తి ఎన్నాళ్ళయిందో" అన్నది ఒక సన్నని గొంతు. రాజు తానే రాయి దింపాడు. రెండవది తట్టింది. "కుక్కను. మళ్ళీ చూలుతో ఉన్నాను" అని జవాబు వచ్చింది. జనం రాళ్ళు దొర్లించసాగారు. పేరమ్మ మూడవ గంప తట్టింది.

"ఎవరే లోపల?"

"మల్లినమ్మా" అన్నది గంప. "ఈ బుట్ట మాత్రం గట్టిగా అల్లావు."

పేరమ్మ ఆ గంపను పళ్ళతో, గోళ్ళతో చీల్చివేసింది.

రాజు అక్కడే నిలబడి మూడవ శాసనం పలికాడు. తల్లిని పక్కన ఉంచుకోకుండా కూనను అమ్మరాదు. పాలు మరవకముందు కూనను వేరుచేయరాదు. కాన్పుకూ కాన్పుకూ నడుమ తల్లి తేరుకోవాలి. అధికారి చెప్పకుండా రావాలి, ప్రతి తల్లికీ తన చేతితో ముద్ద పెట్టాలి, అడగాలి. ముద్ద పడని చోట ముద్ర పడరాదు.

"ఇంత కట్టడి పెడితే ఈ వ్యాపారం సాగదు ప్రభూ" అన్నాడు సుముఖుడు. అతని ముఖంలో నవ్వు లేకపోవడం జనం అప్పుడే మొదటిసారి చూశారు.

"తల్లిని చూపలేని వ్యాపారం సాగకూడదు" అన్నాడు రాజు. గుమ్మానికున్న ముద్రను తీయించాడు. జంతువులన్నిటినీ రాజ్యం తన సంరక్షణలోకి తీసుకుంది. సుముఖుడు మళ్ళీ ఏ ప్రాణినీ అమ్మకుండా నిషేధం పడింది.

కుందవరంలో తల్లిముద్ద మళ్ళీ వచ్చింది. కూనకోసం వచ్చినవారు గిన్నెతో వచ్చేవారు. తల్లి "ఇంకా కొన్నాళ్ళు ఆగండి" అంటే ఆగేవారు.

మల్లి బాగా నలిగిపోయింది. ఆ చలికాలం దాటలేదు. అయితే పోవడానికి ముందటి సాయంకాలం కూడా పేరమ్మ పక్కనే, వెదురుపేళ్ళ మధ్య పడుకున్నది. పేరమ్మ పని ముగించి, పెరుగన్నం కలుపుకుంటూ, "బుట్ట ఎట్లా ఉందే?" అని అడిగింది.

"ఒక పక్కకు వాలిందమ్మా" అన్నది మల్లి.

పేరమ్మ నవ్వింది. గిన్నెలోని చివరి ముద్ద చేతిలోకి తీసుకుని, "తింటావా తల్లీ?" అని అడిగి మరీ పెట్టింది. అడగనిదే చెప్పుకోలేని ప్రాణిని ముందుగా అడగడమే మనిషికి ధర్మం.